ఉష్ణోగ్రత స్కేళ్ల లెక్కలు: సూత్రం వచ్చినా లెక్క ఎందుకు రావడం లేదు

సెల్సియస్ నుంచి ఫారన్‌హీట్‌కి మార్చే సూత్రం నోటికి వచ్చు, విలువ ఇస్తే మార్చేయగలను, కానీ "ఏ ఉష్ణోగ్రత దగ్గర ఫారన్‌హీట్ రీడింగు సెల్సియస్ రీడింగుకి రెట్టింపు అవుతుంది?", "తప్పు చూపే థర్మామీటరు 51 చూపితే అసలు ఉష్ణోగ్రత ఎంత?" లాంటివి అడిగితే ఎక్కడ పట్టుకోవాలో తెలియడం లేదు. ఇదీ మీ ప్రశ్న. అడిగింది రెండు లెక్కలే అయినా ఈ జాతి లెక్కలన్నిటికీ వేరు ఒకటే. అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

సూత్రాన్ని చాలామంది ఒక మరలాగా వాడతారు. ఇటు ఒక సంఖ్య వేస్తే అటు ఇంకో సంఖ్య రాలుతుంది. మీరు ఆగిపోయిన లెక్కల్లో వేయడానికి సంఖ్యే ఉండదు. కాబట్టి సూత్రాన్ని మరలాగా కాకుండా సమీకరణంలాగా చూడాలి. సెల్సియస్ రీడింగు ఒక తెలియని రాశి, ఫారన్‌హీట్ రీడింగు ఇంకో తెలియని రాశి. వాటి మధ్య సూత్రం ఒక సంబంధం చెబుతుంది, లెక్కలోని వాక్యం రెండో సంబంధం చెబుతుంది. తెలియనివి రెండు, సంబంధాలు రెండు. ఒకదాన్ని రెండోదాంట్లో ప్రతిక్షేపిస్తే మిగిలేది ఏడో తరగతి ఏకఘాత సమీకరణమే.

కింద సెల్సియస్ రీడింగుని సె అని, ఫారన్‌హీట్‌ని ఫా అని, కెల్విన్‌ని కె అని రాస్తాను.

ముందు సూత్రం లోపల ఏముందో ఒకసారి చూడాలి. మంచు కరిగే చోట సెల్సియస్ 0, ఫారన్‌హీట్ 32. నీరు మరిగే చోట సెల్సియస్ 100, ఫారన్‌హీట్ 212. అదే దూరాన్ని ఒకటి 100 భాగాలు చేసింది, రెండోది 180 భాగాలు చేసింది. అంటే ఒక సెల్సియస్ డిగ్రీ నడిచేలోపు ఫారన్‌హీట్ 1.8 డిగ్రీలు నడుస్తుంది. పైగా సెల్సియస్ సున్నా దగ్గర బయలుదేరేటప్పటికే ఫారన్‌హీట్ 32 ముందుంది. అందుకే

ఫా = 1.8 సె + 32

ఇందులో 1.8 చేసే పని వేరు, 32 చేసే పని వేరు. 1.8 డిగ్రీ సైజు తేడాని సరిచేస్తుంది. 32 సున్నాలు వేర్వేరు చోట్ల ఉన్నందుకు సరిచేస్తుంది. ఈ విషయంలో వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం ఒకటి కావలసిన చోట రెండూ వాడటం వల్ల, లేదా రెండూ కావలసిన చోట ఒకటే వాడటం వల్ల వచ్చేవే.

రెండు సూత్రాలు (ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు) విడివిడిగా బట్టీ పట్టడం దండగ. పరీక్షలో 9/5 ఎక్కడో 5/9 ఎక్కడో తారుమారు కావడానికి అదే కారణం. గుర్తుపెట్టుకోదగ్గది ఈ నిష్పత్తి ఒక్కటే:

సె / 100 = (ఫా − 32) / 180 = (కె − 273.15) / 100

దీన్ని మాటల్లో చెబితే: మంచు బిందువు నుంచి మరిగే బిందువుకి వెళ్లే దారిలో ఎన్నో వంతు నడిచాం? ఆ వంతు ఏ స్కేలుతో కొలిచినా మారదు. తప్పుడు థర్మామీటరు, కల్పిత స్కేలు, పాదరసం మట్టం పొడవు, అన్నీ ఇందులోంచే వస్తాయి.

ఇక "రెట్టింపు" లెక్క. ఫారన్‌హీట్ రీడింగు సెల్సియస్‌కి రెట్టింపు అన్నారు కాబట్టి ఫా = 2 సె. సూత్రంలో ఫా ఉన్న చోట 2 సె రాయండి.

2 సె = 1.8 సె + 32
0.2 సె = 32
సె = 160

ఫా 320 అవుతుంది. సరిచూడాలంటే 160 × 1.8 = 288, దానికి 32 కలిపితే 320. సరిపోయింది.

ఇక్కడ జారే చోటు బీజగణితం కాదు, వాక్యం. "ఫారన్‌హీట్ సెల్సియస్‌కి రెట్టింపు" అని చదివి చేతితో సె = 2 ఫా అని రాసేవాళ్లు బోలెడుమంది. అలా రాస్తే సె = 3.6 సె + 64 అవుతుంది, సె సుమారు −24.6, ఫా సుమారు −12.3 వస్తాయి. ఆ జవాబు ఇంకో ప్రశ్నకి సరైనదే, అంటే సెల్సియస్ ఫారన్‌హీట్‌కి రెట్టింపు అయ్యే చోటు. తప్పుగా వచ్చిన సంఖ్య కూడా సూత్రానికి సరిపోతుంది కాబట్టి సూత్రంతో సరిచూస్తే తప్పు బయటపడదు. వచ్చిన రెండు రీడింగులనీ లెక్కలోని వాక్యంలో పెట్టి చదవండి: "ఫారన్‌హీట్ −12.3 అనేది సెల్సియస్ −24.6కి రెట్టింపు". చదవగానే పొసగదని తెలిసిపోతుంది. కాబట్టి సరిచూడటం రెండుసార్లు: ఒకసారి సూత్రంలో, ఒకసారి ప్రశ్నలో.

రెట్టింపు, మూడింతలు, సగం అని ఒక్కోటీ విడిగా చేసే బదులు ఒకేసారి చేద్దాం. ఫా = న × సె అనుకుంటే

న × సె = 1.8 సె + 32, అంటే సె = 32 / (న − 1.8)

న = 3 అయితే సె = 26.67, ఫా = 80. న = 1 అయితే, అంటే రెండూ సమానం కావాలంటే, సె = 32 / (−0.8) = −40. అందరికీ తెలిసిన ఆ −40 ఇదే. న = −1, అంటే సంఖ్య ఒకటే గుర్తు వ్యతిరేకం అన్నప్పుడు, సె = −11.43, ఫా = +11.43.

న = 1.8 అయితే హారం సున్నా, జవాబు లేదు. గ్రాఫులో ఫా = 1.8 సె, ఫా = 1.8 సె + 32 రెండూ సమాంతర రేఖలు కాబట్టి అవి కలవవు. న = 1.7 పరిస్థితి ఇంకా తమాషా. బీజగణితం సె = −320 అని నిక్షేపంలా జవాబిస్తుంది. కానీ −273.15 కంటే కింద ఉష్ణోగ్రత అనేదే లేదు. సమీకరణానికి జవాబు ఉంది, ప్రశ్నకి లేదు. పరమ శూన్యం దగ్గర ఫారన్‌హీట్ −459.67, సెల్సియస్ −273.15, వాటి నిష్పత్తి సుమారు 1.683. కాబట్టి న విలువ 1.683కీ 1.8కీ మధ్య ఉండే ఏ ప్రశ్నకైనా "అలాంటి ఉష్ణోగ్రత లేదు" అన్నదే సరైన జవాబు. లెక్కలు తయారుచేసే మాస్టార్లు కూడా ఇది గమనించుకోవాలి.

"రెట్టింపు కంటే 10 ఎక్కువ" అంటే ఫా = 2 సె + 10. పద్ధతి అదే: 1.8 సె + 32 = 2 సె + 10, సె = 110, ఫా = 230. "మూడు రెట్లు ఎక్కువ" అన్న మాట దగ్గర మాత్రం ఆగండి. కొందరు దాన్ని 3 సె అంటారు, కొందరు సె + 3 సె అంటారు. మన పుస్తకాల్లో సాధారణంగా మొదటి అర్థమే. అనుమానం ఉంటే ఏ అర్థంలో తీసుకున్నారో జవాబు పైన ఒక ముక్క రాయండి.

మొత్తం, తేడా లెక్కలు ఇంకా తేలిక. రెండు థర్మామీటర్లు ఒకే ద్రవంలో ముంచారు, ఫారన్‌హీట్ రీడింగు సెల్సియస్ కంటే 80 ఎక్కువ: (1.8 సె + 32) − సె = 80, 0.8 సె = 48, సె = 60, ఫా = 140. రెండు రీడింగుల మొత్తం 60: 2.8 సె + 32 = 60, సె = 10, ఫా = 50.

కానీ "రెండు రీడింగుల తేడా 20" అని ఏది పెద్దదో చెప్పకుండా అడిగితే జవాబులు రెండు. ఫారన్‌హీట్ పెద్దదైతే 0.8 సె + 32 = 20, సె = −15, ఫా = 5. సెల్సియస్ పెద్దదైతే 0.8 సె + 32 = −20, సె = −65, ఫా = −85. మొదటిది రాసి ఆపేస్తే సగమే చేసినట్టు. −40కి పైన ఎప్పుడూ ఫారన్‌హీట్ సంఖ్యే పెద్దది, దాని కింద సెల్సియస్ సంఖ్య పెద్దది. ఆ సంగతి గుర్తుంటే రెండో జవాబు −40కి కింద ఎక్కడో ఉండాలని ముందే ఊహించవచ్చు.

కెల్విన్ వస్తే కొత్తగా నేర్చుకునేది పెద్దగా లేదు. కె = సె + 273.15, డిగ్రీ సైజు ఒకటే, సున్నా ఒక్కటే జరిగింది. అందుకే సె, కె ఎప్పటికీ సమానం కావు, మూడు స్కేళ్లూ ఒకే సంఖ్య చూపే చోటు కూడా లేదు. ఫా, కె మాత్రం ఒకచోట కలుస్తాయి:

1.8 సె + 32 = సె + 273.15
0.8 సె = 241.15
సె = 301.4375, కె = ఫా = 574.5875

పుస్తకం వెనక జవాబు 574.25 అని ఉండొచ్చు. కంగారు పడకండి. వాళ్లు 273.15 బదులు 273 తీసుకున్నారు. 0.15 వదిలేస్తే జవాబులో 0.34 తేడా ఎలా వచ్చిందని అనుమానం రావచ్చు. సమీకరణంలో 0.8తో భాగించినప్పుడు ఆ 0.15 కాస్తా 0.1875 అయింది, తర్వాత కెల్విన్‌లోకి మార్చేటప్పుడు ఇంకో 0.15 కలిసింది. మొదట్లో చేసిన సవరింపు చివరికి పెరగగలదు. అందుకే దశాంశాలు చివర్లోనే సవరించమంటారు. అన్నట్టు కెల్విన్‌కి డిగ్రీ గుర్తు పెట్టరు. 1967 నుంచి ఒట్టి కెల్విన్లు అనే అంటారు.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ మార్కులు పోయే చోటుకి వద్దాం. ఈ రెండు వాక్యాలు చూడండి.

ఉష్ణోగ్రత 15 డిగ్రీల సెల్సియస్‌కు పెరిగింది.
ఉష్ణోగ్రత 15 డిగ్రీల సెల్సియస్ పెరిగింది.

తేడా ఒక్క "కు". మొదటి దాంట్లో 15 ఒక రీడింగు, ఫారన్‌హీట్‌లో 15 × 1.8 + 32 = 59. రెండో దాంట్లో 15 ఒక అంతరం, ఫారన్‌హీట్‌లో 15 × 1.8 = 27 మాత్రమే. 32 కలపకూడదు. ఎందుకో రెండు సమీకరణాలు ఒకదాని కింద ఒకటి రాసి తీసివేస్తే కనిపిస్తుంది.

ఫా₂ = 1.8 సె₂ + 32
ఫా₁ = 1.8 సె₁ + 32
ఫా₂ − ఫా₁ = 1.8 (సె₂ − సె₁)

రెండు చోట్లా ఉన్న 32 తీసివేతలో కొట్టుకుపోయింది. కాబట్టి "పెరిగింది", "తగ్గింది", "తేడా", "డిగ్రీకి ఇంత చొప్పున" అన్న మాటలు కనబడితే 32 జోలికి పోకండి. "వద్ద", "దగ్గర", "చూపింది", "కు చేరింది" అంటే 32 కావాలి. థర్మామీటరు మీద ±0.5 డిగ్రీల సెల్సియస్ అని కచ్చితత్వం రాసి ఉంటే అది ±0.9 డిగ్రీల ఫారన్‌హీట్, ±32.9 కాదు. కెల్విన్ విషయంలోనూ ఇంతే. 15 డిగ్రీల సెల్సియస్ పెరుగుదల అంటే 15 కెల్విన్ల పెరుగుదల, 288.15 కాదు.

"డిగ్రీకి ఇంత" అన్న రాశులు వస్తే గుణించాలా భాగించాలా అని ఇంకో తికమక. ఉక్కు వ్యాకోచ గుణకం (వేడెక్కితే పొడవులో ఎన్నో వంతు సాగుతుందన్నది) ఒక సెల్సియస్ డిగ్రీకి సుమారు 12 × 10⁻⁶. ఫారన్‌హీట్ డిగ్రీకి ఎంత? ఫారన్‌హీట్ డిగ్రీ చిన్నది, చిన్న అడుగుకి సాగేది కూడా తక్కువే ఉండాలి. కాబట్టి 1.8తో భాగించాలి: సుమారు 6.67 × 10⁻⁶. నీటి విశిష్టోష్ణం (వేడెక్కించడానికి కావలసిన ఉష్ణం) కిలోకి, సెల్సియస్ డిగ్రీకి సుమారు 4186 జౌళ్లు, అదే ఫారన్‌హీట్ డిగ్రీకి సుమారు 2326. కెల్విన్‌కి అయితే 4186 అలాగే ఉంటుంది.

దీనికి తోబుట్టువు లాంటి పొరపాటు ఇంకోటి: 40 డిగ్రీల సెల్సియస్ 20 కంటే "రెండింతలు వేడి" అనడం. అవే ఉష్ణోగ్రతలు ఫారన్‌హీట్‌లో 68, 104, అంటే 1.53 రెట్లు. కెల్విన్‌లో 293.15, 313.15, అంటే 1.07 రెట్లు లోపే. ఒకే జతకి మూడు నిష్పత్తులు వస్తున్నాయంటే సున్నా ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టి నిష్పత్తి మారిపోతోందన్నమాట. వాయు నియమాల లెక్కల్లో పరమ ఉష్ణోగ్రతని (అంటే కెల్విన్ రీడింగుని) రెట్టింపు చేయమంటే 20 డిగ్రీల సెల్సియస్‌ని ముందు 293.15 కెల్విన్లు చేసి, రెట్టింపు చేస్తే 586.3, తిరిగి మారిస్తే 313.15 డిగ్రీల సెల్సియస్. ఆ సంఖ్యని చూసి తప్పు చేశాననుకుని 40కి మార్చేవాళ్లున్నారు.

ఇక మీ రెండో ప్రశ్న. ఒక థర్మామీటరు మంచులో 3, మరిగే నీటి ఆవిరిలో 99 చూపుతోంది. అది 51 చూపితే అసలు ఉష్ణోగ్రత ఎంత? దారిలో ఎన్నో వంతు నడిచిందో చూస్తే చాలు. ఈ థర్మామీటరు మీద మొత్తం దారి 99 − 3 = 96 గళ్లు, నడిచింది 51 − 3 = 48 గళ్లు.

48 / 96 = సె / 100, సె = 50

ఫారన్‌హీట్‌లో అడిగితే 48 / 96 = (ఫా − 32) / 180 అని నేరుగా రాసేయండి, 122 వస్తుంది. 51ని ముందు ఫారన్‌హీట్‌లోకి మార్చి తర్వాత తప్పు సరిచేద్దామనుకుంటే చిక్కుల్లో పడతారు.

"మంచులో 3 ఎక్కువ చూపింది కదా, ప్రతి రీడింగులో 3 తీసేస్తే పోలా?" అనిపించడం సహజం. అసలు ఉష్ణోగ్రత సె అయితే ఇది చూపేది 3 + 0.96 సె. చూపినదాంట్లోంచి అసలుది తీసివేస్తే తప్పు ఎంతో తెలుస్తుంది: 3 − 0.04 సె. అంటే తప్పు స్థిరంగా లేదు. 0 దగ్గర 3 ఎక్కువ, 50 దగ్గర 1 ఎక్కువ, 100 దగ్గర 1 తక్కువ. మధ్యలో ఎక్కడో తప్పు సున్నా కావాలి: 3 = 0.04 సె, సె = 75. "ఏ ఉష్ణోగ్రత దగ్గర ఈ థర్మామీటరు సరిగ్గా చూపుతుంది?" అన్న ప్రశ్నకి జవాబు అదే. మంచులో 2, ఆవిరిలో 102 చూపే థర్మామీటరైతే గళ్లు సరిగ్గా 100 ఉన్నాయి, స్కేలు మొత్తం జరిగింది అంతే. దానికి మాత్రమే అన్ని చోట్లా 2 తీసేయడం చెల్లుతుంది. అది ఎక్కడా సరిగ్గా చూపదు కూడా.

చేతిలో ఉన్న నిజం థర్మామీటరుని ఇలా సరిచేయాలంటే ఒక జాగ్రత్త. నీరు 100 దగ్గర మరగడం సముద్రమట్టపు పీడనంలో మాట. ఎత్తు పెరిగేకొద్దీ మరిగే ఉష్ణోగ్రత సుమారు ప్రతి 300 మీటర్లకి ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది. 900 మీటర్ల ఎత్తులో ఆవిరిలో 97 చూపితే థర్మామీటరుది తప్పు కాకపోవచ్చు. అక్కడ నిష్పత్తిలో 100 బదులు ఆ ఎత్తుకి తగిన మరిగే ఉష్ణోగ్రత వేయాలి.

కల్పిత స్కేళ్లు కూడా ఇదే లెక్క, పేరు మాత్రమే వేరు. మంచు బిందువు 20, మరిగే బిందువు 180 ఉన్న స్కేలుని య అనుకుంటే (య − 20) / 160 = సె / 100, అంటే య = 1.6 సె + 20. ఇది ఫారన్‌హీట్‌తో ఎక్కడ కలుస్తుంది? 1.6 సె + 20 = 1.8 సె + 32, సె = −60. రెండు స్కేళ్ల మీదా −76. సరిచూడటం మీకే వదిలేస్తున్నాను.

ఒక్కోసారి మంచు, ఆవిరి ఇవ్వకుండా వేరే రెండు బిందువులు ఇస్తారు: 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర 70, 60 దగ్గర 140. దిగువ, ఎగువ బిందువులుగా వీటినే తీసుకోండి, ఏ రెండైనా పనికొస్తాయి.

(సె − 25) / 35 = (య − 70) / 70

అంటే య = 2 సె + 20. ఇక్కడ తరచుగా జరిగే తప్పు ఎడమవైపు 25 తీసివేయడం మర్చిపోవడం. అసలు సూత్రంలో సెల్సియస్ వైపు ఏమీ తీసివేయనిది దాని దిగువ బిందువు 0 కాబట్టే.

తలకిందులు స్కేళ్లు కూడా ఉన్నాయి. ఆండర్స్ సెల్సియస్ 1742లో ప్రతిపాదించిన స్కేల్లో నీరు మరిగే చోటు 0, మంచు కరిగే చోటు 100. దాన్ని తర్వాత వేరేవాళ్లు తిరగేశారు. డెలిల్ స్కేల్లో మరిగే చోటు 0, మంచు 150. ఇలాంటప్పుడు నిష్పత్తిలో గుర్తులు మార్చకుండా, ఎగువలోంచి దిగువ తీసివేయడం అన్న వరస తప్పకుండా రాయాలి:

(డె − 150) / (0 − 150) = సె / 100

హారం −150. "నెగటివ్ ఏమిటి" అని దాన్ని 150 చేసేస్తే లెక్క పోయినట్టే. సరిగ్గా చేస్తే డె = 150 − 1.5 సె. సెల్సియస్‌తో సమానమయ్యే చోటు 2.5 సె = 150, సె = 60. ఇంకో స్కేలు రోమ్యూర్, మంచు 0, మరిగే చోటు 80, అంటే 0.8 సె. ఫారన్‌హీట్ రీడింగు ఎప్పుడూ సెల్సియస్, రోమ్యూర్ రీడింగుల మొత్తానికి 32 ఎక్కువ. 1.8ని 1 + 0.8గా విడగొట్టి చూడండి. పెద్ద ఉపయోగం లేదు గానీ ముచ్చటగా ఉంటుంది.

పాదరసం మట్టం పొడవు ఇస్తే అదీ ఒక స్కేలే. మంచులో 4 సెం.మీ., ఆవిరిలో 24 సెం.మీ., ఇప్పుడు 11 సెం.మీ. ఉంది: 7 / 20 = సె / 100, సె = 35. సెంటీమీటర్లని డిగ్రీలుగా మార్చాలన్న ఆలోచనే అక్కర్లేదు, యూనిట్లు నిష్పత్తిలో కొట్టుకుపోతాయి.

రెండు వస్తువులు వచ్చే లెక్కల్లో రీడింగు, అంతరం రెండూ కలిసి వస్తాయి. రెండు పాత్రల ఉష్ణోగ్రతల మొత్తం సెల్సియస్‌లో 50, తేడా ఫారన్‌హీట్‌లో 36. తేడా అంతరం కాబట్టి 36 / 1.8 = 20 సెల్సియస్ డిగ్రీలు. మొత్తం 50, తేడా 20 అంటే 35, 15. అదే మొత్తాన్ని ఫారన్‌హీట్‌లోకి మార్చాలంటే మాత్రం 50 × 1.8 + 32 చేయకూడదు. రెండు రీడింగులు ఉన్నాయి కాబట్టి 32 రెండుసార్లు కలపాలి: 90 + 64 = 154. సరిచూస్తే 95 + 59 = 154. సగటుకి అయితే 32 ఒక్కసారే, ఎందుకంటే రెండు 32ల సగటు 32.

నోటి లెక్కకి ఒక పద్ధతి. సెల్సియస్‌ని రెట్టింపు చేసి, అందులో పదో వంతు తీసేసి, 32 కలపండి. 37కి: 74, దాంట్లోంచి 7.4 పోతే 66.6, 32 కలిపితే 98.6. ఇది ఉజ్జాయింపు కాదు, 2లో పదో వంతు తీసేస్తే కచ్చితంగా 1.8. −40 దగ్గర రెండూ సమానం అన్నదాన్ని వాడుకునే దారి ఇంకోటి ఉంది: ఎటు మార్చాలన్నా 40 కలుపు, 1.8తో గుణించు లేదా భాగించు, 40 తీసేయి. 50 ఫారన్‌హీట్: 90, 1.8తో భాగిస్తే 50, 40 పోతే 10. ముందు కలపాలా తర్వాత కలపాలా అన్న గొడవ ఇందులో లేదు. "రెట్టింపు చేసి 30 కలుపు" అన్న చిట్కా మాత్రం ఉజ్జాయింపే. దాని తప్పు (2 సె + 30) − (1.8 సె + 32) = 0.2 సె − 2. 10 దగ్గర కచ్చితం, 0కీ 20కీ మధ్య 2 డిగ్రీలకి మించదు, 40 దగ్గర 6 డిగ్రీలు ఎక్కువ చెబుతుంది.

కాలిక్యులేటర్లోనో ప్రోగ్రాములోనో చేస్తుంటే తప్పు జవాబే తన కారణాన్ని చెబుతుంది. మొదట తెలిసిన విలువలు వేసి చూడండి. 212 ఫారన్‌హీట్ వేస్తే 100 బదులు 85.78 వచ్చిందంటే బ్రాకెట్ మర్చిపోయారు, 5/9తో గుణించాక 32 తీశారు. 0 సెల్సియస్ వేస్తే 32 బదులు 57.6 వచ్చిందంటే 32 ముందే కలిపి తర్వాత 1.8తో గుణించారు. 100 సెల్సియస్‌కి 132 వస్తే సి, జావా లాంటి భాషల్లో 9/5 అని పూర్ణాంకాలతో రాశారు, దశాంశం రాలిపోయి అది 1 అయిపోయింది. ఏ ఫారన్‌హీట్ విలువకైనా 0 వస్తుంటే అక్కడ 5/9 కూడా అలాగే 0 అయింది. మొదటి చోట 9.0/5 అనో 1.8 అనో, రెండో చోట 5.0/9 అనో రాస్తే పోతుంది. పైథాన్ 3లో ఒక్క అడ్డగీతతో భాగిస్తే ఈ సమస్య రాదు.

పూర్ణాంకానికి సవరించి అటూ ఇటూ మార్చినప్పుడు మొదటి సంఖ్య తిరిగి రాకపోతే అది ప్రోగ్రాము తప్పు కాదు. 71 ఫారన్‌హీట్ అంటే 21.67 సెల్సియస్, సవరిస్తే 22. 22ని తిరిగి మారిస్తే 71.6, సవరిస్తే 72. ఒక సెల్సియస్ గడిలో 1.8 ఫారన్‌హీట్ గళ్లు ఇరుకుతాయి కాబట్టి కొన్ని ఫారన్‌హీట్ సంఖ్యలు పక్కదాంట్లో కలిసిపోక తప్పదు. మొదట సెల్సియస్‌తో బయలుదేరి ఫారన్‌హీట్‌కి వెళ్లి వెనక్కి వస్తే ఈ జారుడు ఉండదు.